చంద్రరావుగారిని లేపి నిలబెట్టడం

అచ్చాయమ్మ చేతిలోంచి ఒక వస్తువు జారి కింద పడిందని ధవళేశ్వరంలో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఈ మాట ముందు ఆవిడే చెబుతుంది, తరవాత విన్నవాళ్ళు చెబుతారు. కాపరానికి వచ్చిన ఏడాది నిండు గంగాళం మోసుకుంటూ గడప దాటుతుంటే తేలు కుట్టింది. గంగాళాన్ని దాని చోట దింపి, మూత పెట్టి, అప్పుడు "అమ్మో" అంది. ఎనభై ఆరు వరదకి వీధిలో నీళ్ళు నడుముదాకా వస్తే అత్తగారిని వీపున వేసుకుని ఏటిగట్టు ఎక్కింది. గట్టెక్కాక చూసుకుంటే ఆ ముసలావిడ బొడ్డున దోపుకున్న ఆకు వక్క తడవలేదట. వరి ఊడ్పుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. పక్కనున్న ఆడవాళ్ళు నాలుగుసార్లు నడుం ఎత్తి నిలబడేలోగా ఈవిడ వంచిన నడుం వంచినట్టే ఉంచి అవతలి గట్టు చేరేది. కాళ్ళు వాసాల్లా నిలబెట్టాలి, నడుం దగ్గర మడవాలి, మోకాలు వంచేది ఒళ్ళు వంగనివాళ్ళు అని ఆవిడ తల్లి నేర్పింది. నలభై ఏళ్ళు అలాగే ఊడ్చింది. చదువంటారా, అయిదో తరగతే, కానీ ఫిర్కాలోని ఊళ్ళన్నిటికీ కలిపి మొదటిది. వీధిలో ఏ బోర్డు కనబడినా ఇప్పటికీ పైకి చదవందే ముందుకి కదలదు.

అలాంటి మనిషి చేతుల్లోంచి, రెండు వేల ఎనిమిది మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున్న, ఆవిడ భర్త చంద్రరావుగారు జారి కింద పడ్డారు.

చంద్రరావుగారు ఆనకట్ట దగ్గర లస్కరుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. కాలవ లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఆరడుగులవాడు, ఎముక గట్టిది. దీపావళి వెళ్ళిన వారానికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, కుడికాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది గాని బుద్ధి ఎక్కడా చెదరలేదు. చెదిరి ఉంటే ఆయనకే సుఖంగా ఉండేదేమో. మంచం పక్కన మధ్యలో కన్నం ఉన్న కుర్చీ ఒకటి వేశారు. మంచం మీద సీసా పెడితే ఆయనకి మూత్రం రాదు, కూర్చుంటేనే వస్తుంది. అందుకని రోజుకి నాలుగైదుసార్లు ఆయన్ని లేపి, తిప్పి, ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. కొడుకు ఉదయభాస్కర్ కాగితం మిల్లులో షిఫ్టు పనివాడు, ఇంట్లో ఉన్నప్పుడు అతను లేపేవాడు. లేనప్పుడు అచ్చాయమ్మ. కోడలు వెంకటదుర్గకి ఏడో నెల. బిందె కూడా ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఆ బుధవారం అచ్చాయమ్మ ఎప్పటిలాగే ఎదురుగా నిలబడి, కాళ్ళు నిటారుగా ఉంచి, నడుం వంచి, చేతులు చాచి ఆయన చంకల్లో వేసి లాగింది. ఆయన సగం లేచారు. నేల మీద పాదం ముందుకి జారింది. ఎనభై కిలోల మనిషి ఒక్కసారి ఆవిడ చేతులకి వేలాడాడు. తరవాత ఆ చేతులు వదిలేశాయి.

ఎముక విరగలేదు. కాని ఆయన్ని మళ్ళీ మంచం ఎక్కించడానికి వెంకటదుర్గ వీధిలోకి వెళ్ళి ఎవర్ని పడితే వాళ్ళని పిలుచుకు రావాల్సి వచ్చింది. ఇద్దరు మనుషులొచ్చారు, ఒకడు ఇసుక లారీ మీద పనివాడు, ఒకడు గ్యాస్ బండల కుర్రాడు. పక్కకి తప్పుకున్న లుంగీ సర్దడానికి కూడా ఆయనకి చెయ్యి రాలేదు. వాళ్ళు వెళ్ళేదాకా చంద్రరావుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

ఆ రోజు నుంచి ఆయన నీళ్ళు తాగడం మానేశారు.

అచ్చాయమ్మ మూడో రోజుకి గాని పసిగట్టలేదు. పొద్దున్న పెట్టిన గ్లాసు సాయంత్రానికి అలాగే ఉంది. మజ్జిగ ఇస్తే వద్దన్నారు, కాఫీ ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కకి తిరిగిపోయారు.

"దాహం వెయ్యట్లేదాండీ?"

"వేస్తోంది."

"మరి తాగరేం?"

ఆయన ఇంటి కప్పుకేసి చూస్తూ అన్నారు: "తాగితే లేవాలిగా."

సోమవారానికి జ్వరం వచ్చింది. డాక్టరుగారు ఇంటికొచ్చి చూసి, ఒంట్లో నీళ్ళు లేవని, ఇలాగే ఉంటే మూత్రపిండాలు చెడతాయని గట్టిగా చెప్పి, మందులు రాసి వెళ్ళారు. ఆయన వెళ్ళగానే ఉదయభాస్కర్ గుమ్మం దగ్గర నిలబడి అసలు సంగతి ఎత్తాడు.

"అమ్మా, ఈ వారం నాకు రాత్రి షిఫ్టు కాబట్టి పగలు ఉంటాను. వచ్చే సోమవారం నుంచి పగటి షిఫ్టు. అప్పుడెలా? రాజమండ్రిలో రోగుల్ని చూసుకోడానికి మగమనుషుల్ని పంపేవాళ్ళున్నారు. ఒకణ్ణి మాట్లాడతాను."

"పరాయివాడి చెయ్యి... నా ఒంటి మీద... వద్దు," అన్నారు చంద్రరావుగారు మంచం మీంచి. అంత పొడుగు వాక్యం ఆయన అని నెల్లాళ్ళయింది.

"అయితే ఇలాంటివాళ్ళని చూసుకునే నర్సింగ్‌హోమ్‌లో చేరుద్దాం నాన్నా. అక్కడ మనుషులుంటారు."

"నేను లేపుతాను," అంది అచ్చాయమ్మ.

"లేపావుగా అమ్మా. చూశాంగా."

అన్నాక అతనే నాలిక కరుచుకున్నాడు. వెంకటదుర్గ "ఏంటండీ ఆ మాటలు" అని కసిరింది. అచ్చాయమ్మ మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. అదే చూసి వాళ్ళకి భయమేసింది, ఎందుకంటే ఆవిడ మాట పడి ఊరుకున్న రోజు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఆదివారం దాకా చూద్దాంలే," అన్నాడు కొడుకు. "ఆదివారం తేల్చేద్దాం."

మర్నాడు ఆవిడ మందుల కోసం రాజమండ్రి బస్సెక్కింది. ధవళేశ్వరంలో దొరకని మందొకటి రాశారు. బయల్దేరే ముందు మొగుడి మంచం దగ్గరికెళ్ళి గ్లాసు నోటికి అందించి, "నేను మళ్ళీ పడెయ్యను. ఎలాగో తెలుసుకొస్తాను. మీరు తాగండి," అంది. ఆయన ఆవిడ మొహం చూసి సగం గ్లాసు తాగారు. మిగతా సగం తిరిగొచ్చాక తాగుతానన్నట్టు పక్కన పెట్టించారు.

దానవాయిపేటలో మందుల షాపు ఎదురుగా మేడ మీద కొత్త బోర్డు కట్టి ఉంది. అచ్చాయమ్మ అలవాటు ప్రకారం నడిరోడ్డు మీద నిలబడి పైకి చదివింది: "మహిళలకు ప్రత్యేక బ్యాచ్. బరువులు ఎత్తుట శాస్త్రీయముగా నేర్పబడును. మొదటి రోజు ఉచితము." ఇంకోసారి చదివింది. మందుల సంచీ చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

పైన పెద్ద హాలు. గోడలకి అద్దాలు, నేల మీద నల్లటి రబ్బరు పట్టాలు. ఎనిమిది మంది ఆడవాళ్ళు చుడీదార్లలో నిలబడి చేతులు తిప్పుతున్నారు. మెడలో ఈల వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. పొట్టి పిల్ల, భుజాలు మాత్రం కాడి మోసినట్టున్నాయి. పేరు శ్రీసత్య. యూనివర్సిటీ తరఫున బరువులెత్తి రెండు పతకాలు తెచ్చుకున్న పిల్ల అని గోడ మీది ఫొటోలు చెబుతున్నాయి.

"ఎవరి కోసమండీ మామ్మగారూ? మీ మనవరాలు ఈ బ్యాచ్‌లోనే ఉందాండీ?"

"మామ్మేంటి? నా పళ్ళన్నీ నావే. నా కోసమే వచ్చాను. బరువులెత్తడం నేర్పబడును అని రాశావుగా. నేర్పు."

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీసత్య నవ్వలేదు. "అలాగే పిన్నిగారూ. బీపీ, షుగరు ఏమన్నా ఉన్నాయాండీ?"

"నిన్నే మా ఆయనకి చూస్తూ డాక్టరుగారు నాకూ చూశారు. శుభ్రంగా ఉందన్నారు. యాభై ఎనిమిది నిండాయి. వరదల్లో మా అత్తగారిని..."

"తరవాత చెబుదురు గానండి. చీర కొంచెం ఎగదోపుకోండి. మొదటి రోజు కాబట్టి నెమ్మదిగా, నేను ఆపమన్నప్పుడల్లా ఆపాలి. సరేనా?"

ఆ పిల్ల చెప్పిన పద్ధతి ఇదీ. హాల్లో ఆరు చోట్ల ఆరు రకాల పనులు. ఒకచోట ఇసుక సంచి నేల మీంచి గుండెదాకా ఎత్తాలి, ఒకచోట రెండు చేతుల్లో ఇనప గుండ్లు పట్టుకుని హాలు ఆ కొస నుంచి ఈ కొసకి నడవాలి, ఒకచోట పీట ఎక్కి దిగాలి, ఒకచోట లావుపాటి తాడు రెండు చేతులా కొట్టాలి, ఇలా. ఈల మోగితే నలభై సెకన్లు ఉన్న బలమంతా పెట్టాలి. మళ్ళీ మోగితే ఇరవై సెకన్లు ఆగి ఊపిరి తీసుకోవాలి. తరవాత పక్క చోటికి. ఆరూ అయితే ఒక చుట్టు. అలా నాలుగు చుట్లు.

అచ్చాయమ్మకి ఇదంతా పిల్లలాటలా కనబడింది. మొదటి ఈలకి గుండ్లు పట్టుకుని ఎవరికన్నా ముందు అవతలి గోడ చేరింది. రెండో ఈల మోగింది. అందరూ ఆగారు. ఆవిడ వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది.

"పిన్నిగారూ, ఆగమని ఈల వేశారండి," అంది పక్కనున్న మాణిక్యాంబ. లావుగా, నవ్వు మొహంతో ఉండే మనిషి, బ్యాంకు మేనేజరుగారి భార్య.

"మడి సగంలో ఉండగా నడుం ఎత్తితే మిగతాది ఎవరు ఊడుస్తారమ్మా?"

"ఇది మడి కాదండి, రబ్బరు."

ఆవిడ వినలేదు. ఊడ్పుల్లో వరస మధ్యలో ఆగిన మనిషికి ఒళ్ళు చల్లబడుతుంది, మళ్ళీ వంగితే నడుం పట్టేస్తుంది. పని ఆపకుండా ఉండటమే అలసిపోకుండా ఉండటం. నలభై ఏళ్ళు నిజమైన మాట అది. రెండో చోటా ఆగలేదు, మూడో చోటా ఆగలేదు. "ఆగండి, ఆగితేనే తరవాత నలభై సెకన్లు గట్టిగా చెయ్యగలరు," అని శ్రీసత్య రెండుసార్లు చెప్పి, మూడోసారి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. చెయ్యి తియ్యగానే ఆవిడ మళ్ళీ మొదలెట్టింది.

రెండో చుట్టులో ఇసుక సంచి దగ్గరికి వచ్చేసరికి అద్దంలో తన మొహం తనకే ఎర్రగా, పరాయిగా కనబడింది. సంచి ఇరవై కిలోలు. అచ్చాయమ్మ దానికి మూరెడు దూరంలో కాళ్ళు వాసాల్లా నిలబెట్టి, నడుం దగ్గర మడిచి, చేతులు చాచి పట్టుకుంది.

"మోకాళ్ళు వంచండి! దగ్గరికి రండి, దగ్గరికి!"

"మోకాలు వంచి ఎత్తడం నా ఇంటా వంటా లేదు."

ఎత్తింది. ఇంకోసారి ఎత్తింది. ఆరోసారి సంచి నడుం దాకా వచ్చిందో లేదో వీపులో ఏదో పట్టేసినట్టయింది, కళ్ళ ముందు అద్దాలన్నీ తెల్లబడ్డాయి. ధబ్బున ఇసుక సంచి రబ్బరు మీద పడింది. దాని పక్కనే అచ్చాయమ్మ కూర్చుండిపోయింది.

ఎవరో నీళ్ళు తెచ్చారు. మాణిక్యాంబ చున్నీతో విసురుతూ, "పోనీలెండి, మొదటి రోజు నేనైతే బాత్రూంలో వాంతి చేసుకున్నానండి," అని చెప్పింది. ఊరట మాటే. కాని అచ్చాయమ్మ ఆ మాట వినలేదు. పడున్న సంచినే చూస్తోంది. వారంలో రెండోది.

మిగతావాళ్ళని పని చూసుకోమని, శ్రీసత్య వచ్చి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"పిన్నిగారూ, కోపగించుకోకండి. ఈ వయసులో మీకున్న బలం ఇక్కడ చాలామందికి లేదు. కాని మీరు ఒళ్ళు తగ్గించుకోడానికి రాలేదు, నాకు తెలుస్తోంది. ఎందుకొచ్చారు?"

అచ్చాయమ్మ ముందు వరద సంగతి మొదలుపెట్టింది. ఏటిగట్టు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. తరవాత, ఆ పెద్ద పెద్ద సంగతులేవీ లేకుండా, బుధవారం పొద్దున్న జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇసుక లారీ మనిషీ, గ్యాస్ బండల కుర్రాడూ వచ్చిందీ, ఆయన కళ్ళు మూసుకున్నదీ, తాగితే లేవాలిగా అన్నదీ, ఆదివారం గడువూ, అన్నీ చెప్పింది. ఏడవలేదు.

శ్రీసత్య లేచి ఒక ఎత్తుపాటి స్టూలు తెచ్చి వేసుకుని దాని మీద కూర్చుంది. కుడిచెయ్యి వేలాడేసింది, కుడికాలు వదిలేసింది.

"నేనే మీ ఆయన్ని. నన్ను లేపండి."

"ఛ, అవేం మాటలమ్మా."

"లేపండి పిన్నిగారూ. మీరు ఇంట్లో ఎలా లేపుతారో చూడాలి."

అచ్చాయమ్మ లేచి ఎదురుగా నిలబడింది. చేతులు చాచి చంకల్లో వేసింది. లాగబోయింది.

"ఆగండి. కాళ్ళు అంత వెనక్కి ఎందుకు పెట్టారు?"

ఆవిడ కిందికి చూసుకుంది. శ్రీసత్య పాదాలకీ తన పాదాలకీ మధ్య జానా బెత్తెడు ఎడం ఉంది. అంతకుముందెప్పుడూ దాని సంగతి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది ఏముంది?

"మా ఆయన కాళ్ళకి నా కాలు తగలకూడదు కదమ్మా."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఎవరూ నవ్వలేదు. మాణిక్యాంబ తాడు కొట్టడం ఆపింది. ఆ ఎనిమిది మందిలో ఆ మాట అర్థంకాని మనిషి లేదు.

శ్రీసత్య స్టూలు మీంచే అంది: "మా అమ్మా అంతేనండి. మా నాన్నగారి మంచం పక్కనుంచి వెళ్ళేటప్పుడు కుచ్చిళ్ళు పట్టుకుని మరీ నడుస్తుంది. కాని పిన్నిగారూ, ఆయన పాదం జారిందన్నారు. ఎందుకు జారింది? ఆపేది ఎదురుగా ఏమీ లేదు కాబట్టి. ఆపాల్సింది మీ పాదమే. దూరంగా నిలబడి చేతులు చాస్తే ఇరవై కిలోలు నలభై అవుతుంది. ఎనభై కిలోల మనిషి ఎంతవుతాడో మీరే చెప్పండి."

ఫిర్కాకి మొదటి మనిషికి ఆ లెక్క వెంటనే తెలిసింది. కాని లెక్క తెలియడం వేరు, కాలు కదలడం వేరు.

శ్రీసత్య ఒక్కొక్కటే చూపించింది. మనిషిని కుర్చీ అంచుకి జరుపుకోవాలి. నీ పాదం అతని పాదాల మధ్య పెట్టి, పడిపోయిన పాదాన్ని జారకుండా పక్కనుంచి ఆనించాలి. నీ మోకాలు అతని చచ్చుబడ్డ మోకాలికి అడ్డం పెట్టాలి. మోకాళ్ళు వంచి కిందికి దిగాలి. చంకల్లో చేతులు కాదు, నడుం వెనక చేతులు. గుండెకి గుండె తగలాలి, అతని గడ్డం నీ భుజం మీద ఉండాలి. అప్పుడు పైకి లాగకూడదు. నువ్వు వెనక్కి కుర్చీలో కూర్చోబోతున్నట్టు ఒరగాలి. అతను తనంతట తను లేస్తాడు.

"ఇదెక్కడి ఘోరమమ్మా, కోడలి ముందు," అంది అచ్చాయమ్మ, గుండెకి గుండె అన్న దగ్గర.

"కోడలు చూడకపోతే ఎవరు చూస్తారండి, వీధిలో వాళ్ళా?"

ఆ మాటతో ఆవిడ పాదం ముందుకి జరిపింది. పాదం తగిలింది. శ్రీసత్య బరువు ఒంటికి ఆనింది, మోకాళ్ళు వంగాయి, వీపు ఎక్కడా పట్టలేదు. ఆ పిల్ల గాలిలో తేలినట్టు లేచి నిలబడింది. అచ్చాయమ్మ ఆమెని కూర్చోబెట్టగానే చటుక్కున వంగి, ఆమె పాదం తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంది. కాలు తగిలితే అలా చెయ్యడం ఊపిరి లాంటిది, అనుకుని చేసేది కాదు. మళ్ళీ లేపింది. మళ్ళీ అద్దుకుంది. అయిదోసారికి మాణిక్యాంబ ఉండబట్టలేక నవ్వింది.

"ఇన్నిసార్లు దణ్ణాలు పెడుతుంటే మీ ఆయన ఎప్పుడు లేస్తారండీ?"

"ఇరవై సెకన్లు ఆగాలి కదండీ," అంది శ్రీసత్య, ఈల వేలితో తిప్పుతూ. "అందులో పెట్టుకోనివ్వండి."

బుధవారం నుంచి శనివారం దాకా అచ్చాయమ్మ రోజూ వెళ్ళింది. ఈల మోగితే ఆగడం నేర్చుకుంది. ఆగడానికి మొదట్లో సిగ్గేసేది. ఆగిన ఇరవై సెకన్లలో ఊపిరి ఎక్కడిదాకా వెళుతోందో చూసుకోమంది శ్రీసత్య. శుక్రవారం ముప్పై కిలోల సంచి మోకాళ్ళు వంచి, గుండెకి హత్తుకుని, పదిసార్లు ఎత్తి పదిసార్లూ చప్పుడు లేకుండా దింపింది. ఇంట్లో ఆయన ఆవిడ వచ్చే వేళకి కొంచెం, వచ్చాక కొంచెం నీళ్ళు తాగుతున్నారు. జ్వరం తగ్గింది. పగలు కొడుకే లేపుతున్నాడు.

శనివారం సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ మంచం పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఒక సంగతి."

"ఊఁ."

"మిమ్మల్ని లేపాలంటే నా కాలు మీ కాళ్ళ మధ్య పెట్టాలి. తగులుతుంది. మోకాలూ తగులుతుంది."

చంద్రరావుగారు తల ఇటు తిప్పారు. "ఎవరు చెప్పారు?"

"బరువులెత్తే పిల్ల. చిన్నదే గాని పనిమంతురాలు."

"ఎవరి ముందు?"

"మీ కొడుకూ, కోడలూ. వాళ్ళు చూడాలి. చూడకపోతే ఆ నర్సింగ్‌హోమ్ సంగతి వదలడు."

వీధిలో బస్సు వెళ్ళింది, గోడ మీద వెలుగు పాకి పోయింది.

"లాకు తలుపులు," అన్నారు చివరికి, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, "దేనికి ఆనతాయో... తెలుసా నీకు?"

"నాకేం తెలుసు. మీరు ఎప్పుడన్నా చెప్పారా?"

"అడుగున గడప ఉంటుంది. రాతి గడప. దానికి ఆనకపోతే... ఏరంతా కాలవలోకొస్తుంది."

అని అవతలికి తిరిగిపోయారు. సరే అన్నారో, తన పాత ఉద్యోగం తలుచుకున్నారో అచ్చాయమ్మకి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆదివారం పది గంటలకి నలుగురూ ఆ గదిలో ఉన్నారు. ఉదయభాస్కర్ గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. వెంకటదుర్గ గోడవార నిలబడి, "జాగ్రత్త అత్తయ్యగారూ," అని మూడుసార్లు అంది. అచ్చాయమ్మ ఆయన్ని మంచం అంచుకి జరిపి కూర్చోబెట్టింది. కుర్చీ పక్కకి లాక్కుంది. నాలుగు రోజులుగా చేస్తున్న పనే. ఎదురుగా నిలబడింది, మోకాళ్ళు వంచింది, నడుం వెనక చేతులు వేసింది. ఒరిగింది.

ఆయన పాదం జారింది.

"అమ్మా!" కొడుకు ఒక్క అంగలో వచ్చాడు. ఆయన మంచం మీదే పడ్డారు, దెబ్బ తగల్లేదు. అచ్చాయమ్మ కిందికి చూసుకుంది. తన పాదాలు ఎప్పుడు వెనక్కి వెళ్ళాయో తనకే తెలియదు. శ్రీసత్య పాదాల మధ్య ముప్పైసార్లు పెట్టిన కాలు, ఈ పాదాల దగ్గరికి వచ్చేసరికి తనంతట తనే జానా బెత్తెడు వెనక్కి పోయింది.

"చాలమ్మా. ఇంక చాలు. నాన్నని ఎందుకు హింస పెట్టడం," అన్నాడు ఉదయభాస్కర్. అతనికీ సుఖంగా లేదు.

"నువ్వు... అవతలికి పో," అన్నారు చంద్రరావుగారు కొడుకుతో. తరవాత భార్యకేసి చూశారు. ఎడంచేతిని చాచి, ఆవిడ మోకాలి దగ్గర చీర పట్టుకుని, తన వైపుకి లాగారు. బలం లేని లాగుడు. కాని లాగారు.

"ఇటు పెట్టు," అన్నారు. "ఇక్కడ."

అచ్చాయమ్మ కుడిపాదం ఎత్తింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, తెలిసి తెలిసి, భర్త పాదాల మధ్య తన పాదం పెట్టింది. ఆయన చల్లటి మడమ ఆవిడ చీలమండకి ఆనింది. మోకాలికి మోకాలు అడ్డం పెట్టింది. ఆయన గడ్డం ఆవిడ భుజం మీద పడింది, నాలుగు రోజుల గడ్డం, గుచ్చుకుంది. ఆవిడ ఊపిరి పీల్చి, లాగకుండా, వెనక్కి ఒరిగింది.

చంద్రరావుగారు లేచారు.

పూర్తిగా లేచారు. దీపావళి తరవాత ఆ మనిషి తన ఎత్తు తను నిలబడటం అదే మొదలు. ఎడంకాలు వణుకుతోంది గాని నిలిచింది. ఆయన తల ఆవిడ తల మీదుగా పైకి వెళ్ళింది. నాలుగు నెలలుగా మంచం మీద చూసి చూసి, ఆయన తనకన్నా ఇంత పొడుగన్న సంగతి ఆవిడ మరిచేపోయింది. కొడుకు ముందు, కోడలి ముందు, పట్టపగలు, ఇద్దరూ ఒకరికొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. తరవాత చిన్న చిన్న అడుగులతో ఆవిడ తిరిగింది, ఆవిడతో ఆయన తిరిగారు, చప్పుడు లేకుండా కుర్చీలో కూర్చున్నారు.

అచ్చాయమ్మ వంగి, ఆయన పాదాలు రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుంది. ఈసారి చేతులు అక్కడే కాసేపు ఉండిపోయాయి.

"ఇంకోసారి చూపించమ్మా," అన్నాడు ఉదయభాస్కర్. నమ్మకం లేక అనలేదు. దగ్గరికొచ్చి ఒక మోకాలి మీద కూర్చుని కాళ్ళకేసి చూస్తున్నాడు. "నేను చంకల్లో చేతులేసి ఎత్తేస్తున్నాను. తప్పా?"

"వీడు లేపితే," అన్నారు చంద్రరావుగారు, "నా భుజం ఊడొస్తుందే."

"అదేంటి నాన్నా! ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు ఒక్కడివే ఉన్నావుగా లేపేవాడివి. చెబితే... ఎవరు లేపుతారు?"

వెంకటదుర్గ పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉదయభాస్కర్ లేచి, తల్లి పక్కన నిలబడి, ఆవిడ ఎక్కడ పాదం పెడితే అక్కడ పాదం పెట్టి నేర్చుకున్నాడు. తండ్రి పాదాలకి కాలు తగలగానే అతనూ వంగి కళ్ళకద్దుకున్నాడు. రాజమండ్రి నుంచి మనిషిని పంపేవాళ్ళకీ, నర్సింగ్‌హోమ్‌కీ సాయంత్రం ఫోన్ చేసి వద్దన్నాడు.

సోమవారం అతను పగటి షిఫ్టుకి వెళ్ళాడు. అచ్చాయమ్మ పొద్దున్న ఆరింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి ఆయన్ని లేపింది. లేపిన ప్రతిసారీ కూర్చోబెట్టి, వంగి దణ్ణం పెట్టుకుంది. మూడోసారి వంగుతుంటే ఆయన విసుక్కున్నారు.

"రోజూ ఇదేనా?"

"ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లు."

"ఎన్నాళ్ళు?"

తన మోకాళ్ళు ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తాయో ఆవిడకి మాత్రం ఏం తెలుసు? వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో ఈ బరువు మళ్ళీ తన చేతుల్ని మించిపోతుందని తెలుసు. ఆ సంగతి ఆయనకీ తెలుసని ఆయన అడిగిన తీరులోనే తెలిసింది.

నాలుగోసారి సాయంత్రం అయిదింటికి. పాదం పెట్టింది, మోకాలు అడ్డం వేసింది, ఒరిగింది, తిప్పింది, కూర్చోబెట్టింది. పని అయ్యాక మళ్ళీ లేపి మంచం మీదికి చేర్చింది. దుప్పటి సర్ది, దిండు ఎత్తు చేసి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడానికి కూర్చుంది. రెండో నీళ్ళు వంపుతుండగా చెయ్యి ఆగిపోయింది. దణ్ణం పెట్టుకోలేదు. ఒకటికి రెండుసార్లు కాలు తగిలింది, రెండుసార్లూ మర్చిపోయింది.

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గది గుమ్మం దాకా వెళ్ళింది. చంద్రరావుగారు మేలుకునే ఉన్నారు. ఆవిడ ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు. ఎడంచెయ్యి దుప్పటి మీంచి కొంచెం ఎత్తి, పోనీలే అన్నట్టు కదిపారు.

అచ్చాయమ్మ గుమ్మంలోనే కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి బియ్యం పొయ్యి మీద పెట్టింది.